కదలని గుర్తు

విమానం నుంచి తీసిన ఫొటోలను రెండేసి జతచేసి, తేడాలు సరిదిద్ది, పటం గీయడం అతని పని. పైనుంచి చూస్తే ఎంతటివాడికైనా నడినెత్తే కనిపిస్తుంది. ఆ రాత్రి మాత్రం ఒక మేడ మీద మొహం కనిపించింది, గుడ్లురుముతూ. రెండు ఫొటోలనూ కలిపే గుర్తుగా కంప్యూటర్ దాన్నే పట్టుకుంది. ఎంత జరిపినా ఊరంతా మూడు మీటర్లు తప్పుతోంది.

పై అధికారికి ఫోన్ చేశాడు.

“సార్, గుర్తుగా ఒక మనిషి పడ్డాడు. వాడు కదలట్లేదు, ఊరే కదులుతోంది.”

“అర్ధరాత్రి నా ప్రాణం తీయకు. వాణ్ని పీకి పారేయ్!”

గుర్తు తీసేశాడు. ఊరు అతికినట్టు కుదిరింది. ఫొటోలో మేడ ఖాళీ అయింది. అప్పుడు పోల్చుకున్నాడు, అది తాను కూర్చున్న ఆఫీసు మేడే. దాని మీదికి వెళ్లే తలుపు తాళంచెవి తన జేబులోనే ఉంది.

“కుదిరిందా?” అన్నాడు ఫోన్లో అధికారి.

బయట మేడ మెట్ల మీద చెప్పుల చప్పుడు తీరిగ్గా దిగుతోంది.