పది అడుగులు వెనక

హిరోషిమా నుంచి వచ్చిన ఆవిడ పక్కన నా మొగుడు నవ్వుతూ నడుస్తుంటే చూస్తూ ఉండిపోయాను. నా కొట్లో అమ్మడానికి నిప్పుల మీద కాలుస్తున్న ఆల్చిప్పలు మాడిపోయాయి. వాటికన్నా ముందు నా కడుపు మండింది.

నా మొగుడు సకుజో మా మియాజిమా దీవిలో అమ్మవారి గుడి వడ్రంగి. పోటొస్తే సముద్రంలో నిలబడే ఆ గుడికి నేలచెక్కలు వేసేది ఆయనే. ముప్పై రెండేళ్ల కాపురంలో ఆ చెక్కల మీద నా పక్కన ఒక్కసారి నడిచిన పాపాన పోలేదు.

"జంటగా వెళితే అమ్మవారు కుళ్ళుకుని విడదీస్తుందే. పది అడుగులు వెనక రా," అంటాడు.

కొత్త జంటల్ని ఏడిపించడానికి అనే మాట అది. నా ఒంటికి పట్టిన ఆల్చిప్పల వాసనకి సిగ్గుపడి ఆ వంక పెడుతున్నాడని నా అనుమానం. చెక్కలు తనిఖీ చేసే ఈ ఆఫీసరమ్మ దగ్గరేమో సెంటు గుబాళింపు!

ఆవిడ పడవెక్కేదాకా ఆగి, గుడిలోకెళ్లి ఎర్ర స్తంభాల మధ్యే నిలదీశాను.

"ఏవయ్యా, ఆవిడతో నడిస్తే అమ్మవారికి కుళ్ళు రాదా? నాతో అయితేనే వస్తుందా?"

సకుజో సుత్తి నడుముకి దోపుకుంటూ నన్ను వింతగా చూశాడు.

"అమ్మవారు పొరబడి ఆవిణ్ణీ నన్నూ విడదీసిందే అనుకో. నాకేం పోయిందే?"

అప్పుడు చూసుకున్నాను, ఇద్దరం పక్కపక్కనే నిలబడి ఉన్నాం.

ఆయన్ని ముందు నడవమని, లెక్కపెట్టి మరీ పది అడుగులు వెనక్కి తగ్గాను. ఎందుకైనా మంచిదని, ఇంకో అయిదు.