డేరాలోకి నడువు

“బురఖా తియ్యమ్మా, చూసి పంపించేస్తాం” అన్నాడు హెడ్ కానిస్టేబుల్ పెంచలప్రసాద్.

కృష్ణపట్నం నుంచి నెల్లూరు పోయే షేర్ ఆటోను చెక్‌పోస్టు దగ్గర ఆపి, ముంతాజ్‌నొక్కదాన్నే దించారు. ఎవరో ఆడమనిషి బురఖా మాటున గంజాయి తీసుకుపోతోందని కబురొచ్చిందట. సంచి రోడ్డు మీద బోర్లించి చూశారు. ఏమీ దొరకలేదు. ఇక మిగిలింది బురఖానే.

చెల్లెలికి నొప్పులొచ్చి ఆస్పత్రిలో చేర్చారని ఫోనొస్తే, ఇంట్లో వేసుకున్న నైటీ మీదనే బురఖా తగిలించుకుని ఉన్నపళంగా బయల్దేరింది ముంతాజ్. భుజం దగ్గర చిరిగిన నైటీ అది. రోడ్డుకు అటువైపు బొగ్గు లారీల డ్రైవర్లు దిగి చూస్తున్నారు. ఒకడు సెల్‌ఫోన్ పైకెత్తాడు.

పొదుపు సంఘం మీటింగులో విన్న మాటొకటి గుర్తొచ్చింది, కానీ అనడానికి జంకింది. చివరికి నేలచూపులు చూస్తూనే అనేసింది.

“ఆడ పోలీసు వస్తే తీస్తా సార్. మొగోళ్ళు చూడకూడదని చట్టం ఉండాదంట.”

పెంచలప్రసాద్ మొహం మారిపోయింది. చట్టం నాకే నేర్పిస్తున్నావా అన్నాడు. ఇక్కడ ఆడ పోలీసులెవరూ లేరనీ, మాట వినకపోతే కేసు రాసి స్టేషన్లో కూర్చోబెడతాననీ బెదిరించాడు. అంతసేపు ఆగలేక ఆటోవాడు మిగతావాళ్ళతో వెళ్ళిపోయాడు. తెలిసిన మొహం ఒక్కటీ లేని ఆ రోడ్డు మీద ముంతాజ్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. అయినా బురఖా అంచు రెండు చేతులా బిగించి పట్టుకుంది.

“సరే, డేరాలోకి నడువు. ఆడ చూస్తాం” అన్నాడతను.

వెనకే వస్తున్న బూట్ల చప్పుడు వింటూ ముంతాజ్, రోడ్డు పక్కన టార్పాలిన్ కట్టిన డేరాలోకి అడుగు పెట్టింది.

లోపల ఒకామె కొంగు నడుముకు దోపుకుని, గ్యాస్ పొయ్యి మీద చేపల పులుసు కాస్తోంది. ముంతాజ్ ఒక్క ఉరుకున పోయి ఆమె చెయ్యి పట్టుకుంది.

“అక్కా, నీకు దండం పెడతా. నాకు భయంగా ఉండాది. ఆడ పోలీసును పిలిపించిందాకా నువ్వు ఈడనే ఉండక్కా.”

ఆమె పెంచలప్రసాద్ వైపు ఒకసారి చూసింది. అతను తల తిప్పుకున్నాడు. ఆమె పొయ్యి ఆపి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

“సార్, మీరు బయటికి పోండి” అని, ముంతాజ్ భుజం మీద చెయ్యేసి మెల్లగా చెప్పింది. “భయపడబాకమ్మా. ఈ చెక్‌పోస్టుకు వేసిన ఆడ పోలీసును నేనే.”