రెండో నవల దొంగతనం

ఆ బుధవారం పొద్దున్నే నతానియేలు మాస్టారు తన రెండో నవలను తానే దొంగల పాలు చెయ్యాలని నిశ్చయించుకున్నారు. ఒక్కటే చిక్కు. ఆ నవల ఆయన ఇంకా రాయలేదు.

1975లో మొదటి నవలకి పెద్ద బహుమతి వచ్చింది. రాజోలు నుంచి కొత్తపేట దాకా శాలువాలు కప్పేరు. "అంత గొప్ప నవల ఎలా వచ్చిందండీ?" అని అడిగితే, "అదే వచ్చిందండి, నాదేముంది!" అనేవారు. ఆ వినయానికి ఇంకో దండ పడేది.

ఎనిమిదేళ్ళు గడిచాయి. రెండోది ఎప్పుడని జనం అడగని రోజు లేదు. ఒక సభలో నోరు జారి, "నాలుగు వందల పన్నెండు పేజీలైందండి" అనేశారు. పేజీలు అంత కచ్చితంగా చెబితే ఎవరూ అనుమానించరని ఆయన నమ్మకం. నిజానికి రాసింది ఒక్క వాక్యం: "గోదావరి ఎర్రగా ఉంది." దాన్ని కొట్టేసి, "గోదావరి బాగా ఎర్రగా ఉంది" అని దిద్ది భార్య కృపావతికి వినిపించారు.

"మొదటిదే నయమండి" అందావిడ.

గడ్డం గీసుకుంటూ అద్దంలో మనిషిని చూసి, "మహా రచయిత గారూ, మీకన్నా పెరట్లో కొబ్బరిచెట్టు నయం. ఏటా కాపన్నా కాస్తుంది" అని వెక్కిరించుకునేవారు.

ఆదివారం అమలాపురంలో సన్మానం. రాతప్రతిని ఆ సభలోనే అందుకుంటానని విజయవాడ పబ్లిషరు కరపత్రాలు కూడా పంచేశాడు. ఇక దారి లేదు.

మాస్టారు పాత పరీక్ష పేపర్ల కట్ట ఒకటి గుడ్డసంచీలో పెట్టి మూతి కట్టారు. కాకినాడ బస్సెక్కి, సంచీ సీటు మీదే వదిలేసి అమలాపురంలో దిగిపోయారు. బస్సు మలుపు తిరిగేదాకా ఆగి, "నా నవల! నా నవల పోయిందండీ!" అని గుండెలు బాదుకున్నారు. పొద్దుటి నుంచి సాధన చేసిన కేక కావడంతో బాగా వచ్చింది. కిళ్ళీకొట్టు అప్పాయమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది.

పోలీస్ స్టేషన్లో ఎస్సై లేచి కుర్చీ వేశాడు. "రైటర్ని పిలవండి" అనగానే మాస్టారు అలవాటు కొద్దీ సర్దుకు కూర్చున్నారు. వచ్చింది కానిస్టేబుల్ మోషే. స్టేషన్లో ఫిర్యాదులు రాసేవాణ్ణి రైటరంటారని అప్పుడు గుర్తొచ్చి, తన మీద తనకే నవ్వొచ్చింది.

"నవల దేని గురించండీ?" మోషే కలం తీశాడు.

"లంక భూములు. వరద. మనుషులు."

"పూర్తయిందాండీ?"

"పూర్తయింది. ఒకటే ప్రతి. మళ్ళీ రాయడం నా వల్ల కాదు."

చివరి ముక్క మాత్రం నిజం.

మర్నాడు పత్రికలన్నీ తీరని లోటన్నాయి. ఆదివారం సభలో పబ్లిషరు ఏడ్చాడు. పుట్టని బిడ్డకి ఇంత ఘనంగా అంత్యక్రియలు జరిపించిన తండ్రి లోకంలో ఇంకెవడైనా ఉన్నాడా అనుకున్నారు మాస్టారు, మెళ్ళో దండ సర్దుకుంటూ.

మూడో వారం స్టేషన్ నుంచి కబురొచ్చింది. సంచీ దొరికిందట!

కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళారు. బల్ల మీద తన సంచీయే. పక్కన ఎస్సై, కెమెరా పట్టుకుని ఓ విలేకరి.

"కండక్టర్ అంజిబాబు తెచ్చి ఇచ్చేడండి. చూసుకోండి" అన్నాడు మోషే.

పరీక్ష పేపర్లు బయటపడ్డాక ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ ముడి విప్పారు.

లోపల పరీక్ష పేపర్లు లేవు. పొందిగ్గా రాసిన తెల్లకాగితాల కట్ట ఉంది. "వరద తీశాక తాతయ్య ముందు వెతికింది ఇంటిని కాదు, సరిహద్దు రాయిని." మొదటి వాక్యం చదవగానే మాస్టారికి ఒళ్ళు జలదరించింది. రెండో పేజీ తిప్పారు. మూడోది. నవల! అదీ ఎలాంటి నవల! బైబిల్లో ఆకలిగొన్నవాళ్ళకి ఆకాశం నుంచి మన్నా కురిసినట్టయింది. ఎవరిదో, ఎలా వచ్చిందో అడగడానికి నోరు తెరిచి, కెమెరాని చూసి మూసుకున్నారు.

"మీదేనాండీ?" అన్నాడు ఎస్సై.

"నాదే" అన్నారు మాస్టారు. అబద్ధమాడుతున్నా కళ్ళల్లో వచ్చినవి నిజం నీళ్ళే.

"పై కాగితం, ఇంకో పాతిక పేజీలు కనపళ్ళేదండి" మోషే నొచ్చుకున్నాడు. "ఉన్నమట్టుకు ముట్టినట్టు రసీదు రాయాలండి. మీ చేత్తోనే రాయాలండి."

మోషే చెబుతుంటే మాస్టారు రాశారు: "ఈ మూడు వందల ఎనభై ఆరు పేజీలు నా సొంత రచన. నా స్వదస్తూరీ." కింద సంతకం చేశారు. ఎస్సై, విలేకరి సాక్షి సంతకాలు పెట్టారు. ఫొటో తీశారు. రెండో బహుమతికి ఏ రంగు శాలువా కప్పుతారో మాస్టారికి అప్పుడే కళ్ళకి కట్టింది.

మోషే రసీదు మడిచి జేబులో పెట్టుకుని, మాస్టారిని వరండా దాకా సాగనంపేడు. మెట్ల దగ్గర చేతులు జోడించి, ఎవరికీ వినపడకుండా ఎంతో మర్యాదగా అన్నాడు:

"మొదటి నవల కూడా ఈ సంచీలో ఉన్న ఇదే దస్తూరీలో, రూతు అని కలం పేరు పెట్టుకుని, మీ అభిప్రాయం కోసం పోస్టులో పంపింది నేనేనండి మాస్టారూ... అప్పుడు రసీదు తీసుకోవాలని తెలీలేదండి, ఆయ్."