బస్సు వెంట పరుగెత్తిన నటుడు

ఆ పొద్దున ఆకాశం దుమ్ము పట్టి ఉంది. సూర్యుడు సున్నపు చుక్కలా వెలవెలబోతున్నాడు.

గల్ఫ్‌లో మెసైమీర్ కూలీల క్యాంపు ముంగిట షూటింగ్. ఏదో చైనా సీరియల్. అందులో డాక్టర్ వేషం లియాంగ్‌ది. డెబ్బై దాటిన మనిషి. నలభై ఏళ్లుగా సినిమాలు, సీరియళ్లు. పోలీసు, జడ్జి, తండ్రి, ఎక్కువగా డాక్టర్. ఈ ముచ్చట చెప్పింది యూనిట్ డ్రైవర్ లియాఖత్ అలీ. నిజామాబాద్ వాడు. చైనా కంపెనీల్లో పనిచేసి ఆ భాష పట్టుకున్నాడు.

తెల్లకోటు చూసి కూలీలు మూగారు. వాళ్లలో లస్మయ్య, అతని మేనల్లుడు ముత్యం ఉన్నారు. ముత్యం చెయ్యి చాపాడు.

"డాక్టర్ సాబ్, మూడొద్దులాయె, ఎడమ రెక్క గుంజుతాంది. జర సూడుండ్రి."

అందరూ నవ్వారు. ముసలాయన నవ్వలేదు. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు. కళ్లు తెరిచేసరికి ముఖం పాలిపోయింది. గబగబా ఏదో అన్నాడు.

"గుండె మంచిగ లేదట. ఇప్పుడే పెద్ద దవాఖానకు తీస్కపొమ్మంటుండు," అన్నాడు లియాఖత్ అలీ.

"వారెవ్వా! ఏం యాక్టింగ్‌రా!"

చప్పట్లు పడ్డాయి. ముత్యం నవ్వు మాత్రం ఆగిపోయింది.

"మామా, పోదామా?"

"పిచ్చోడా! గ్యాస్ అని క్లినిక్‌ల చెప్పిండ్రు గదా. వేషగాని మాటకు డ్యూటీ ఎగ్గొడ్తవా? ఎక్కు, బస్సొచ్చింది."

వీపు మీద చెయ్యేసి లస్మయ్యే ఎక్కించాడు.

బస్సు కదిలింది. ముసలాయన వెంట పరుగెత్తాడు. రేకు మీద దబదబా గుద్దాడు. చెప్పొకటి ఊడిపోయింది. లోపలివాళ్లు పడీపడీ నవ్వి ఫోన్లలో వీడియో తీశారు. లస్మయ్య కూడా నవ్వాడు.

పది గంటలకు సైటులో ముత్యం ఇనుప చువ్వల మీద కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు.

ఎనిమిదో రోజు శవపెట్టె విమానమెక్కింది. ఆ మధ్యాహ్నం మెస్సులో లస్మయ్య పళ్లెం ముందు ఊరకే కూర్చున్నాడు. లియాంగ్ వచ్చాడు. వెనకే లియాఖత్ అలీ.

"వేషాలేసేటోనికి ఎట్ల తెలిసిందో అడుగు భాయ్."

లియాఖత్ అలీ అడిగాడు. విన్నాడు. లస్మయ్య వైపు తిరిగాడు. చెప్పాడు.

సినిమాల్లో చేరకముందు పన్నెండేళ్లు చైనా పల్లెల్లో నిజంగానే వైద్యం చేసిన ఆ మనిషి, లస్మయ్య పక్కన కూర్చొని చేత్తోనే అన్నం కలుపుకున్నాడు. ఇద్దరూ కలిసి తిన్నారు.