పెద్దపల్లి సకినాలు

"అట్ల నోట్లెకే చూస్తుంటె గొంతు దిగుతదా?"

రైలు దిగి వచ్చిన ఆవిడ సగం కొరికిన సకినాన్ని పొట్లంలో పడేసి, విసురుగా వెళ్లి పెట్టె ఎక్కేసింది.

సంతోష్‌రావు స్టాలులోంచి తల బయటికి పెట్టి చూశాడు.

ఎదురు బల్ల మీద ఆ ముసలామె కూర్చునే ఉంది. నాలుగు నెలలుగా ఇదే వరస. మధ్యాహ్నం ఢిల్లీ బండి వేళకు వస్తుంది. స్టాలు ముందు నిలబడి తినేవాళ్ల మొహాల్లోకి కళ్లప్పగించి చూస్తుంది. కొనదు, అడుక్కోదు. బండి కదిలాక లేచి వెళ్లిపోతుంది.

"దిష్టి సారూ" అన్నాడు స్టాల్లో పనిచేసే కొండల్. "నిమ్మకాయలు కట్టినా ఆగుతలేదు."

సంతోష్‌రావుకు దిగులు పట్టుకుంది. ఇటుక బట్టీ పెట్టి చేతులు కాల్చుకున్నాడు. కోళ్ల ఫారం పెడితే తెగులొచ్చి తుడిచిపెట్టుకుపోయింది. ఇక మిగిలింది పెద్దపల్లి ప్లాట్‌ఫారం మీది ఈ స్టాలు ఒక్కటే. ఇదీ మునిగితే ఊళ్లో తలెత్తుకు తిరగలేడు.

స్టాలు నిలబడిందే సకినాల మీద. సమోసాలూ, చిప్సూ ఏ స్టేషన్లోనైనా దొరుకుతాయి. ఈ బియ్యప్పిండి సకినాల కోసం మాత్రం సికింద్రాబాద్‌లో ఎక్కినవాళ్లు పెద్దపల్లి ఎప్పుడొస్తుందా అని కిటికీల దగ్గర కాచుకుని ఉంటారు. అవి ఎవరు చేస్తారో అతను ఎన్నడూ అడగలేదు. పవర్‌లూమ్ పని మానేసిన భూమన్న సుల్తానాబాద్ నుంచి రోజూ పొద్దున్నే డబ్బాల్లో తెచ్చి దించిపోతాడు. అంతవరకే తెలుసు.

సంతోష్‌రావు బల్ల దగ్గరికి నడిచాడు.

"ఏమవ్వా, ఏం పని నీకు ఈడ?"

"ఏం లేదు బిడ్డా. కూసున్న."

"టికెట్ ఉన్నదా?"

ముసలామె కొంగు ముడి విప్పి ప్లాట్‌ఫారం టికెట్ చూపించింది. ఆ రోజుదే.

అతనికి ఇంకా మండింది. టికెట్ కొనుక్కుని మరీ వచ్చి దిష్టి పెడుతోందన్న మాట. ఒక పొట్లం తెప్పించి ఆమె ఒళ్లో పడేశాడు.

"ఆకలైతె ఇది తిను. మళ్ల రాకు."

"నాకెందుకు బిడ్డా, నువ్వు అమ్ముకో." పొట్లాన్ని జాగ్రత్తగా తిరిగి అతని చేతిలో పెట్టింది. ఏదో ఆలోచించి, మెల్లగా అడిగింది. "ఇయ్యాల జర ఉప్పు తక్కువైనట్టుంది గదా?"

"నా సరుకుకే వంకలు వెడ్తున్నవా? రేపటి సంది ఈ బల్ల మీద కనవడితె పోలీసోళ్లకు చెప్త."

గొంతు పెద్దదైంది. చుట్టుపక్కల నలుగురూ తిరిగి చూశారు. ముసలామె మోకాళ్ల మీద చేతులానించి లేచింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. రాను."

అన్నట్టే మళ్లీ రాలేదు. బల్ల ఖాళీగా కనిపించేసరికి సంతోష్‌రావుకు పీడ వదిలినట్టయింది.

ఆ సంబరం రెండు రోజులే. మూడో రోజు ఒక మిలిటరీ ఆయన సకినం కొరికి, ఉప్పు నోట పెట్టలేక ఉమ్మేశాడు. మర్నాడు చూస్తే అసలు ఉప్పే లేదు. ఆ మర్నాడు మళ్లీ కటికుప్పు. తరచూ వచ్చేవాళ్లు కూడా బిస్కెట్ పాకెట్టు కొనుక్కుని వెళ్లిపోతున్నారు.

ఎనిమిదో రోజు పొద్దున భూమన్న వట్టి చేతులతో వచ్చాడు.

"డబ్బాలేవి భూమన్నా?"

"చేసుడు బంద్ వెట్టింది సారూ, మా ఇంటామె."

"మీ ఇంటామె చేస్తదా? ఇన్నొద్దులు చెప్పకపోతివి."

"మా అనసూర్యనే చెప్పద్దన్నది. ఎండకాలంల జరమొచ్చి పోయిన కాన్నుంచి ఆమె నాలికెకు రుచి తెలుస్తలేదు. గసొంటామె చేసినయంటె ఎవలు కొంటరని భయం."

"నువ్వు తిని చెప్పరాదు?"

భూమన్న మొహంలో చిన్న నవ్వు కదిలింది.

"నా మాట నమ్మది సారూ. నలభై ఏండ్ల సంది ఏం వెట్టినా మంచిగున్నదనుకుంటనే తిన్ననాయె."

"మరి మొన్నటిదాంక మంచిగనే ఉండె గద?"

"మొన్నటిదాంక రోజు ఈడికొచ్చేది. ఎవలో కసిరిండ్రట. ఎవలని అడిగితె చెప్పలే. నాలుగొద్దులు అందాజకు ఉప్పేసింది. అందరు ఉమ్మేస్తుండ్రని నేనే నోరు జారి చెప్పిన. గంతే, మూకుడు దించింది."

సంతోష్‌రావు భూమన్న చెయ్యి పట్టుకున్నాడు.

"రేపు తోలుకరా భూమన్నా. నేను మాట్లాడ్త."

"ఏడికెల్లి తోలుకరావాలె సారూ. నిన్ననే జైనూర్‌ల బిడ్డ దగ్గరికి పోయింది. ఇగ చెయ్యనని ఒట్టేసుకున్నది."

ఏదో బండి వస్తున్నట్టు మైకులో చెబుతున్నారు. సంతోష్‌రావు తెలిసీ, అడగకుండా ఉండలేకపోయాడు.

"ఈడికొచ్చి ఏం చేసేది?"

భూమన్న ఎదురు బల్ల వైపు చూశాడు.

"నాలికె పనిచెయ్యనామెకు ఉప్పు సంగతి ఎట్ల తెలుస్తది సారూ, గా బల్ల మీద కూసోని తినేటోళ్ల మొకాలు చూసి తెలుసుకునేది."