పదిహేడో బావి రిపోర్టు

గుమ్మఘట్టలో తన ఇంట్లో కూర్చుని హేమలత పరాయి దేశపు చమురు బావులను వింటుంది. అదే ఆమె ఉద్యోగం. పని అయిపోయిన బావిని సిమెంటుతో మూసేయాలని ఆ దేశంలో చట్టం. మూసిన ప్రతి బావికీ ఒక మైకు ఉంటుంది. హెడ్‌ఫోన్‌లో పది నిమిషాలు విని, గ్యాసు బుసకొట్టకపోతే ‘సరిగా మూశారు’ అని నొక్కాలి.

ఆ రాత్రి పదిహేడో బావిలో బుస లేదు. రాయి పడుతున్న చప్పుడు ఉంది.

బోరు ఎండిన ప్రతిసారీ అందులో రాయి వేసి, నీళ్లున్నాయేమోనని చెవి పెట్టే ఊరు ఆమెది. రాయి లోతుకు పోయేకొద్దీ చప్పుడు సన్నబడుతుందని చిన్నప్పుడే తెలుసు. ఇది సన్నగా మొదలై పెద్దదవుతోంది. రాయి పైకి వస్తోంది.

మేనేజరు ఓబిలేష్‌కు ఫోన్ చేసి చెప్పింది.

“గ్యాసు లేదు కదమ్మా. నొక్కేసి పండుకో పో.”

“లోపల ఏందో ఉండాదన్నా. నేను నొక్కను.”

“ఉద్యోగం పోతాది.”

“పోతే పోనీ. విన్నది విన్నట్లే రాస్తా.”

‘సరిగా మూయలేదు’ అని రాసి పంపింది. చప్పుడు ఠక్కున ఆగిపోయింది. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

అప్పుడు అదే చప్పుడు పెరట్లో వినిపించింది. అక్కడి ఎండిన బోరు మీద వాళ్ల నాయన గోనెసంచి కప్పి వదిలేశాడు, అంతే. చాలా లోతున, ఠక్. కాస్త పైన, ఠక్.

హేమలత టార్చి, పెన్ను, కాగితం తీసుకుని తలుపు తెరిచింది.

“రా,” అంది చీకట్లోకి. “నీ రిపోర్టు కూడా రాస్తా.”