కారు లేనాయన తెచ్చిన కవరు

టార్పాలిన్ లాగేసరికి కారు ఒళ్లంతా తడిసి ఉంది.

నరసింగరావు వేలితో రాసి చూశాడు. నీళ్లే.

"వాన నేదు, మంచు నేదు. షెడ్డు తాళం నా మొలతాడుకే ఉన్నాది. ఎవుడో దూరీసినాడే!" అన్నాడు భార్యతో.

సుభద్రమ్మ తాళంకప్ప అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా గీత పడలేదు.

"దూరినోడు నీళ్లు జల్లి పోతాడేటండీ? సక్రం ఇప్పుకు పోడా?"

"నీకు తెల్దు. కళ్లు కుట్టినోడికి సక్రాలక్కర్నేదు. రంగు సెడితే సాలు."

చీపురుపల్లి చుట్టుపక్కల ఆ ఏడు దిగిన కొత్త కారు అదొక్కటే. ఆ రోజుల్లో కారు కావాలంటే విశాఖపట్నంలో కంపెనీవాళ్ల దగ్గర పేరు రాయించుకుని ఏళ్ల తరబడి కాచుక్కూర్చోవాలి.

నరసింగరావు షోకుకి కొనలేదు. కూతురు పద్మకుమారికి జ్వరమొచ్చి కాలు పడిపోయింది. వారం తప్పకుండా పట్నం ఆసుపత్రికి తెస్తే నడుస్తుందన్నారు డాక్టర్లు. పిల్లని భుజాన వేసుకుని రైళ్లూ బస్సులూ ఎక్కలేక సగం వారాలు తప్పాయి. కారొచ్చాక ఒక్క వారమూ తప్పలేదు. ఇప్పుడిప్పుడే గోడ పట్టుకుని నిలబడుతోంది పిల్ల. ఈ కారు మూలపడితే ఆ పిల్లా మూలపడ్డట్టే.

"అది దొంగ పని కాదండీ, టార్పాలిన్ పని."

ఇద్దరూ తిరిగి చూశారు. గేటు దగ్గర ఎవరో కొత్త మనిషి. తెల్ల పంచె, కండువా, చంకలో బట్టల మూట.

"టార్పాలిన్ గాలాడనివ్వదు. లోపలి ఆవిరి లోపలే నీరవుతుంది. షెడ్డులో ఉండే బండికి నూలుగుడ్డ చాలు. ఇంజను చల్లారాక, దుమ్ము దులిపి కప్పండి. దుమ్ము మీదే కప్పితే గీతలు పడతాయి."

"ఎవురండీ తమరు?"

ఆయన మూట విప్పాడు. ముతక నూలు కవరు. చేతికుట్టు. అంచు పొడుగునా కట్టుకోవడానికి నాడాలు.

"ఇది మీ కారుకి సరిపోతుంది."

"కొలతలెవులిచ్చారు?"

"అన్నీ ఒకే అచ్చులో పోసిన బళ్లే కదండీ!"

"అమ్మకానికా?"

"కాదండీ. ఊరికే."

ఊరికే అన్న మాట వినగానే నరసింగరావు కనుబొమలు ముడిపడ్డాయి.

"తమరికీ కారుందేటి?"

"లేదండీ."

"కారు నేని మనిసికి కారు కవరెందుకండీ?"

ఆయన కండువా కొసతో మొహం తుడుచుకున్నాడు.

"పాప ఇప్పుడు నిలబడుతోందా?"

నరసింగరావు నోట్లోంచి మర్యాద జారిపోయింది.

"నా కూతురు సంగతి నీకెవుడు సెప్పినాడు?"

"ఒకసారి చూశానండీ. నా చేత్తో ఈ కవరు కప్పేసి వెళ్లిపోతాను. ఒక్కసారి..."

"కారు మీద సెయ్యేసినావంటే మర్యాద దక్కదు. నడు!"

ఆయన కవరు మడతపెట్టి అరుగు మీద ఉంచాడు. "మీరే కప్పుకోండి" అని స్టేషన్ దారి పట్టాడు.

"ఎండన పడొచ్చిన మనిసి. మజ్జిగైనా ఇయ్యనిచ్చారు కాదు" అని గొణుక్కుంటూ సుభద్రమ్మ కవరు విప్పింది. లోపలి మూలలో పసుపుగుడ్డ ముడి ఒకటి కుట్టి ఉంది.

అరుగు మీదున్న నరసింగరావు మేనత్త జగ్గమ్మ లేచి వచ్చి చూసి, లెంపలు వాయించుకుంది.

"ఓలమ్మో, ముడుపురా నర్సింగూ! ఎవుల్దో తీరని మొక్కు. ఇది గానీ కప్పితే ఆల గండం మన పిల్ల మీదకొస్తాది."

"ఇప్పి సూద్దునా అత్తా?" అంది సుభద్రమ్మ.

"ముట్టకే! ఊరవతల కాల్సీమను."

నరసింగరావు కర్రతో ఎత్తి పట్టుకెళ్లాడు. ఉప్పూ ఎండుమిరపకాయలూ పోసి, పొలం గట్టున కాల్చాడు. తలారా స్నానం చేసి ఇంట్లోకి వచ్చాడు.

"ఘాటొచ్చిందేటి?" అడిగింది జగ్గమ్మ.

"రానేదు."

"మరి, సూసినావా!"

ఆ రాత్రి నరసింగరావు హాయిగా నిద్రపోయాడు.

వారం తిరిగింది. ఆసుపత్రి పని అయ్యాక, రంగు మీద లేచిన తెల్ల మచ్చలు చూపిద్దామని కారుని కంపెనీ ఆఫీసుకి తెచ్చాడు. గుమస్తా చుట్టూ తిరిగి చూశాడు.

"ఇంకా టార్పాలినేనా? చంద్రశేఖరం మాస్టారు కవరు తెచ్చివ్వలేదూ? మీ ఊరూ పేరూ నా దగ్గరే కనుక్కున్నారే!"

"ఎవురండీ ఆయన?"

"శృంగవరపుకోట మాస్టారు. ఆయన భార్య మంచం మీద మనిషి. ఆసుపత్రికి తిప్పుకోవాలని కారుకి పేరు రాయించుకున్నారు. కారొస్తే కప్పడానికని ఆవిడే మంచంలో కూర్చుని, మొక్కుకుని ముడుపు కట్టి మరీ ఆ కవరు కుట్టింది. కనబడ్డవాళ్లనల్లా అడిగి, ఏ గుడ్డ మంచిదో, ఎలా కప్పాలో తెలుసుకుంది. పోయిన నెల పోయిందండీ, పాపం."



"మరి... ఆయనకి కారు నేదన్నాడే?"

గుమస్తా గోడవార బెంచీ వైపు చూపించాడు.

"మీరు పాపని భుజానేసుకొచ్చి నన్ను బతిమాలుకున్న రోజున అక్కడ కూర్చుని విన్నది ఆయనే, అప్పుడు గుమ్మంలో నిలబడి ఉన్న కొత్త కారు ఆయనదేనండీ, ఇంటికెళ్లి ఆవిడని అడిగి వచ్చి, మర్నాడు దాన్ని మీకు వదిలేశారు."